దోరపండు సల్సా: సంతబుట్ట నుంచి గిన్నెలోకి

మొదటిసారి సల్సా చేద్దామని కూర్చుని నేను చేసింది పానకం. మేనకోడలి పుట్టినరోజు. పొద్దున్నే బాగా ముగ్గిన మామిడిపళ్ళు నాలుగు కోసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, ఉప్పు, నిమ్మరసం అన్నీ ఒకేసారి కలిపేసి మూతపెట్టాను. సాయంత్రం ఆరింటికి మూత తీస్తే అడుగున గ్లాసుడు పసుపు నీళ్ళు, పైన వాడిపోయిన ముక్కలు. పిల్లలు అప్పడం ముంచితే అప్పడం కాస్తా అందులోనే నానిపోయి తెగి పడింది. పక్కింటి ఒడియా మావుసి (పిన్నిగారు) ఒక చెంచా నోట్లో వేసుకుని కాసేపు ఆలోచించి, "రాంధిబాకు భులిగల కి?" అంది. వండడం మర్చిపోయావా, అని.

ఆవిడ తప్పేం లేదు. ఒడిశాలోని రాయగడలో మా ఇళ్ళల్లో పండుకి, పులుపుకి, కారానికి పొత్తు కొత్త కాదు. ఒడియా వాళ్ళు అనాసతో సపురి ఖటా చేస్తారు, పోపు వేసి, బెల్లం వేసి, దగ్గరపడేదాకా ఉడికిస్తారు. మనం మామిడికాయతో పచ్చడి నూరుతాం. సల్సా ఈ రెండింటికీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. ఉడకదు, నలగదు. ముక్క ముక్కగానే ఉండాలి. ఆ ముక్క నిలబడాలంటే పండు దోరగా ఉండాలి, ఉప్పు ఆఖర్న పడాలి. ఆ రోజు నేను తప్పింది ఈ రెండూ. ఆ తర్వాత ఏడెనిమిదేళ్ళుగా చేస్తూనే ఉన్నాను. ఇప్పుడు మావుసి గిన్నె పట్టుకుని మరీ వస్తుంది.

అసలు ఇది ఎక్కడిది

సల్సా స్పానిష్ మాట. అర్థం సాస్ అనే, మూలంలో ఉప్పు వేసినది అని. మెక్సికోలో మన రోలులాంటి రాతి రోలు ఉంది, మోల్కహెతే అంటారు, అందులో టమాటా, మిరప నూరి చేసేది ఒక రకం. నూరకుండా పచ్చిగానే సన్నగా తరిగి కలిపేది ఇంకో రకం. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు పీకో దె గాయో, అంటే కోడిపుంజు ముక్కు. అందులో టమాటా, ఉల్లి, పచ్చిమిర్చి, కొత్తిమీర, నిమ్మరసం, ఉప్పు, అంతే. ఆ టమాటా స్థానంలో పండు వేస్తే మనం ఇప్పుడు చేయబోయేది.

వింత ఏమిటంటే మన సంతలో మన కొండల్లోనే పుట్టినట్టు కూర్చునే అనాస, బొప్పాయి, జామ, టమాటా, మిరప, అన్నీ అమెరికా ఖండాల నుంచి సముద్రం దాటి వచ్చినవే. పోర్చుగీసు వాళ్ళ ఓడలు రాకముందు ఇక్కడ మిరపకాయ లేదు, కారానికి మిరియాలు, పిప్పళ్ళే గతి. ఈ గిన్నెలోకి మన వైపు నుంచి ఇచ్చింది మామిడిపండు. కాబట్టి "ఇదేదో విదేశీ వంట" అనుకుని జంకక్కర్లేదు, సరుకంతా ఇంటి పక్క సంతలోనే దొరుకుతుంది.

దోర అంటే ఏమిటో చేత్తో తెలుసుకోండి

కాయా కాదు, పండూ కాదు, ఆ మధ్య రెండు రోజులకి తెలుగులో ఒక్క మాటే ఉంది: దోర. సల్సాకి కావలసింది అదే. పూర్తిగా ముగ్గిన పండులో కండని పట్టి ఉంచే పెక్టిన్ కరిగిపోయి ఉంటుంది. కత్తి పెట్టగానే రసం కారుతుంది, ఉప్పు తగిలితే ఇక ఆగదు. పచ్చికాయలో తీపి ఉండదు, ముక్క గట్టిగానే ఉన్నా నోట్లో గడ్డి నమిలినట్టుంటుంది. దోరపండు నొక్కితే కొంచెం లోపలికి వెళ్ళి మళ్ళీ పైకి వస్తుంది. వేలి గుంట మిగిలిపోయిందంటే ఆ పండు తినడానికి బాగుంటుంది, సల్సాకి మాత్రం దాటిపోయినట్టే.

ఒక్కో పండుకీ ఒక్కో లెక్క. ముందు అనాస సంగతి చెబుతాను, ఎందుకంటే మా వైపు రాజు అదే. నియమగిరి కొండవాలుల్లో డొంగ్రియా కొంధు గిరిజనులు అనాస, అరటి, పసుపు, అల్లం పండిస్తారు. బిసంకటక్ దగ్గర చాటికోణలో బుధవారం సంత జరుగుతుంది. తెల్లవారుజామునే కొండ దిగి, తలమీద బుట్టలతో ఆడవాళ్ళు వస్తారు. వానాకాలంలో వెళితే సంత మొదట్లోనే అనాస వాసన తగులుతుంది. ఎండ ఎక్కకముందే వెళ్ళండి, మంచివి ముందే పోతాయి. అక్కడ సపురి అని అడగాలి. అనాస అంటే మొహం చూస్తారు.

అనాసలో గుర్తుపెట్టుకోవలసింది, చెట్టు నుంచి కోశాక అది ఇంక తియ్యబడదు. రంగు మారుతుంది, మెత్తబడుతుంది, తీపి మాత్రం పెరగదు. మామిడి, బొప్పాయి, జామ, అరటి అలా కాదు, ఇంట్లో పెట్టినా ముగ్గుతాయి. అందుకే అనాసని కొనేటప్పుడే సరిగా ఏరుకోవాలి. అడుగు భాగం ముక్కు దగ్గర పెట్టుకోండి. తియ్యటి వాసన రావాలి, పులిసిన కల్లు వాసన వస్తే వదిలేయండి. కింద మూడో వంతు పసుపు తిరిగి, పైన ఆకుపచ్చ ఉంటే దోర. అదే సైజు కాయలు రెండు చేతుల్లో పట్టుకుని చూడండి, బరువుగా ఉన్నది తీసుకోండి.

మామిడి అయితే గట్టికాయలు కొని ఇంట్లో గడ్డిలోనో బియ్యం డబ్బాలోనో మాగబెట్టి, రెండో రోజు నుంచి రోజూ నొక్కి చూసుకోవడం మేలు. కార్బైడ్‌తో మాగబెట్టడం ఆహార భద్రతా నిబంధనల ప్రకారం నిషేధం. పళ్ళని మాగబెట్టే ఇథిలీన్ వాయువుని 100 పీపీఎం (పది లక్షల పాళ్ళలో వంద పాళ్ళు) దాకా మాత్రమే అనుమతిస్తారు. పైన ఒకే రంగులో ధగధగలాడుతూ, కోస్తే లోపల టెంక చుట్టూ తెల్లగా, పుల్లగా ఉన్న పండు తగిలితే అనుమానించండి. అలాంటి పండుతో సల్సా చేసినా రుచి రాదు.

బొప్పాయి తొక్క మీద పసుపు చారలు పడగానే దోర. ఒడియాలో దాన్ని అమృతభండ అంటారు, పేరుకి తగ్గ తీపి రాకముందే కోసేయాలి. జామ (ఇక్కడి పిజుళి) కొరికితే కరకరమనాలి. పుచ్చకాయ గురించి అడుగుతారు కాబట్టి ఒక్క మాట: చేయొచ్చు, చేసిన పది నిమిషాల్లో తినేయాలి. అరటి వద్దు, నల్లబడి జిగురొస్తుంది. సీతాఫలం మాట ఎత్తకండి.

జీడిమామిడి పండుతో కూడా ప్రయత్నించాను. ఏప్రిల్, మేలో గజపతి జిల్లా వైపు వెళితే గింజ తీసుకుని పండు పారేస్తారు, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది కదా. కోసి, ఉప్పునీళ్ళలో నానబెట్టి, నీళ్ళు మార్చి, మళ్ళీ నానబెట్టి చేశాను. అయినా వగరు గొంతు పట్టేసింది. ఆ ప్రయత్నం అక్కడితో ఆపేశాను.

ఏమేం కావాలి

నలుగురైదుగురికి సరిపోయే అనాస సల్సా కొలత ఇది. చెంచా అంటే టీస్పూన్, పెద్ద చెంచా అంటే మూడు టీస్పూన్లు.

దోర అనాస, శుభ్రం చేసిన ముక్కలు 300 గ్రాములు (మధ్యరకం పండులో సగం)
ఉల్లిపాయ చిన్నది 1, దాదాపు 60 గ్రాములు
గట్టి టమాటా 1, గింజలూ గుజ్జూ తీసేసి
పచ్చిమిర్చి 2
కొత్తిమీర తరుగు 3 పెద్ద చెంచాలు, లేత కాడలతో సహా
నిమ్మరసం 2 పెద్ద చెంచాలు
ఉప్పు అర చెంచా
వేయించి దంచిన జీలకర్ర పావు చెంచా
బెల్లం తురుము, అవసరమైతే చిటికెడు

కొలతలు మర్చిపోయినా ఫరవాలేదు. పండు ఐదు పాళ్ళు, ఉల్లి ఒక పాలు, కొత్తిమీర అర పాలు అని గుర్తుంటే చాలు, పులుపూ ఉప్పూ నాలుకతో సరిచూసుకోవచ్చు. మెక్సికో వాళ్ళు జీలకర్ర ఇందులో వేయరు. నేను వేస్తాను. అది లేకపోతే మా ఇంట్లో ఏదో వెలితిగా ఉందంటారు.

మిరప విషయంలో మా దగ్గర ఒక ప్రత్యేకం ఉంది. కొండ సంతల్లో ఆకాశం వైపు నిలబడి కాసే చిన్న మిరపకాయలు అమ్ముతారు, చిటికెన వేలి గోరుకన్నా కొంచెం పొడవు. వాటితో చేస్తే ఒకటి చాలు, రెండు వేస్తే పిల్లలు తినలేరు. అన్నట్టు ఒడియాలో మిరపకాయని లంక అంటారు. మా నాయనమ్మ కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో పొరుగావిడ "లంకా అఛి కి?" అని అడిగిందట. లంక ఉందా అంటే ఏం చెప్పాలో తెలియక, "రావణుడిదా అమ్మా?" అందట ఈవిడ. ఆ కథ ఇప్పటికీ మా ఇంట్లో పచ్చిమిర్చి తరిగినప్పుడల్లా ఎవరో ఒకరు చెబుతారు.

కడగడం, కోయడం

పండు తొక్క తీసేస్తాం కదా అని కడగడం మానకండి. తొక్క మీది మట్టి, క్రిములు కత్తితోపాటే లోపలికి వెళతాయి. అనాసని, పుచ్చకాయని చేత్తో రుద్ది పారే నీళ్ళలో కడిగి, గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. తడి పండు కోస్తే ఆ నీరు కూడా గిన్నెలోకే చేరుతుంది. కొత్తిమీరని గిన్నెడు నీళ్ళలో ముంచి, ఇసుక అడుక్కి దిగాక పైకి తీసి, విదిలించి, పొడిగుడ్డలో చుట్టి పక్కన పెట్టండి. ఇది వండని వంట. చేపలు కోసిన పీట, చాకు కడగకుండా దీనికి వాడితే కడుపునొప్పికి దారి వేసినట్టే.

మా ఇళ్ళల్లో ఇప్పటికీ కత్తిపీటే. ఒడియావాళ్ళు "పనికి" అని పిలిచేదీ అదే బాపతు. అనాస తొక్క తీయడానికి కత్తిపీటని మించింది లేదు: తల, అడుగు కోసి, నిలువుగా పట్టుకుని తిప్పుతూ తొక్క తీసేయండి. తర్వాత కళ్ళు. అవి పండు చుట్టూ ఏటవాలుగా వరసగా ఉంటాయి. ఒక్కొక్క కన్నూ గిల్లుతూ కూర్చోకుండా, ఆ వరస వెంబడే రెండు వైపులా ఏటవాలుగా గాటు పెట్టి సన్నటి గాడిలా తీసేస్తే కళ్ళన్నీ పోతాయి, కండ వృథా కాదు. మధ్య బొడ్డు గట్టిగా ఉంటుంది. దాన్ని సల్సాలో వేయకండి. ఉప్పు, కారం అద్దుకుని కోస్తూనే తినేయడమే దానికి మర్యాద.

ఇక ముక్కలు. ఇక్కడ కత్తిపీట పక్కన పెట్టి పదునైన చాకు, పలక తీసుకోండి. పండు ముక్క చింతగింజంత ఉండాలి. అంతకన్నా పెద్దదైతే ఒక్కో ముద్దలో ఒకే రుచి తగులుతుంది, చిన్నదైతే గుజ్జవుతుంది. ఉల్లిపాయ శనగబద్దంత. మిర్చి ఇంకా సన్నగా, ఎవరి నోట్లోనూ ముక్కగా తగలకూడదు. మొద్దు చాకుతో కోస్తే ముక్క కోసుకోదు, నలుగుతుంది, రసం అక్కడే పోతుంది. మిక్సీలో ఒక్క తిప్పు తిప్పుదామా అనిపిస్తుంది. ఆ పని చేస్తే సల్సా బదులు జ్యూస్ అవుతుంది.

కోసిన అనాసని, టమాటాని చిల్లుల గిన్నెలోనో జల్లెడలోనో వేసి, కింద ఒక గిన్నె పెట్టి, పది నిమిషాలు వదిలేయండి. పిండకండి. వాటంతట అవి వదిలిన నీరు కిందికి దిగుతుంది. ఆ నీరు పారబోయకండి, తర్వాత చెబుతాను.

మిర్చి కోసే ముందు వేళ్ళకి నాలుగు చుక్కల నూనె రాసుకోండి. మంట పుట్టించే క్యాప్సైసిన్ నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే కోశాక నీళ్ళతో ఎంత కడిగినా మంట పోదు. ముందు నూనె రుద్ది తర్వాత సబ్బుతో కడిగితే పోతుంది. నోరు మండినా నీళ్ళకన్నా పెరుగు, మజ్జిగ పనిచేసేది కూడా కొంత ఇందుకే. కారం గింజలో ఉందనుకుంటాం, నిజానికి గింజ అంటిపెట్టుకుని ఉండే తెల్లటి ఈనెలో ఉంటుంది. పిల్లలకి చేస్తుంటే ఆ ఈనె చాకు మొనతో గీకేయండి, వాసన ఉంటుంది, మంట తగ్గుతుంది.

ఉల్లిపాయకి ఒక స్నానం

తరిగిన ఉల్లిని చల్లటి నీళ్ళలో వేసి, చేత్తో కలియబెట్టి, ఐదు నిమిషాలయ్యాక వడకట్టి, గుడ్డ మీద పరిచి ఆరబెట్టండి. ఘాటు పుట్టించే గంధకపు పదార్థాలు చాలావరకు నీళ్ళతో పోతాయి, కరకర మిగులుతుంది. ఈ మెట్టు దాటవేస్తే చేసినప్పుడు తేడా తెలియదు. గంట పోయాక గిన్నెడు పండూ ఉల్లివాసన కొడుతుంది. ఇంకా బాగుండాలంటే ఆ ఆరబెట్టిన ఉల్లి మీద సగం నిమ్మరసం పోసి పది నిమిషాలు వదలండి. మా మార్కెట్లో దొరికే ఎర్ర ఉల్లి అయితే లేత గులాబీ రంగు తిరుగుతుంది, అనాస పసుపు పక్కన చూడ్డానికి బాగుంటుంది.

కలపడం: ఉప్పు ఎప్పుడు

స్టీలు లేదా గాజు లేదా పింగాణీ గిన్నె తీసుకోండి. కళాయి పోయిన ఇత్తడి, రాగి, అల్యూమినియం గిన్నెలు పులుపుకి పనికిరావు.

ముందు ఉల్లి, మిర్చి, జీలకర్ర, మిగిలిన నిమ్మరసం కలపండి. ఈ పులుపూ కారమూ ఒకదాన్నొకటి పట్టుకున్నాక టమాటా, అనాస వేయండి. గరిటెతో తిప్పితే ముక్క నలుగుతుంది, గిన్నెని రెండు చేతులతో పట్టుకుని చేటలో బియ్యం చెరిగినట్టు రెండుసార్లు ఎగరేయండి, లేదా చేతివేళ్ళతో కింద నుంచి పైకి తేల్చండి. కొత్తిమీర చివర్న.

ఉప్పు మాత్రం తినడానికి పదిహేను, ఇరవై నిమిషాల ముందు. ఉప్పు తగిలిన ప్రతి ముక్కా తనలోని నీటిని బయటికి పంపుతుంది, ఆవకాయ ముక్కలు ఊటలో తేలేది అందుకే. ఆవకాయకి ఆ ఊట కావాలి. సల్సాకి వద్దు. కానీ ఉప్పు వేసీ వేయగానే తింటే రుచులు విడివిడిగా ఉంటాయి. ఆ పావుగంటలో కాస్త రసం ఊరి ముక్కలకి పూతలా పడుతుంది, అంతవరకే. విందు సాయంత్రమైతే పొద్దున్న అన్నీ తరిగి, వేర్వేరు డబ్బాల్లో ఫ్రిజ్‌లో పెట్టుకుని, చుట్టాలు చెప్పులు విప్పుతున్నప్పుడు కలపండి.

రుచి చూసేటప్పుడు ఒట్టి చెంచాతో చూడకండి, దేనితో తింటారో దానితో చూడండి. అప్పడంలో, చిప్స్‌లో ముందే ఉప్పుంటుంది. చప్పగా ఉందనిపిస్తే చాలామంది నిమ్మరసం పిండేస్తారు, తొంభై పాళ్ళు అప్పుడు తక్కువైంది ఉప్పే. రెండు పలుకులు వేసి చూడండి. పులుపు గుచ్చుతుంటే చిటికెడు బెల్లం. తీపి మరీ పైకి తేలుతుంటే మిర్చి ఇంకొంచెం. కారం మితిమీరితే దిద్దడానికి ఒకటే దారి, ఇంకొంత పండు లేదా సన్నగా తరిగిన కీరదోస కలపడం. నీరు ఊరిపోతే జల్లెడలో వడకట్టి, మళ్ళీ చుక్క నిమ్మరసం, చిటికెడు ఉప్పు వేస్తే సగం ప్రాణం తిరిగి వస్తుంది.

పెరుగు కలిపితే ఎలా ఉంటుందని అడుగుతారు. కాల్చని, ఉడికించని అనాసతో వద్దు. అందులో బ్రోమలైన్ అనే ఎంజైము ఉంది, మాంసకృత్తుల్ని కోసేస్తుంది. పాలు, పెరుగుతో కాసేపు ఉంచితే చేదెక్కుతుంది. ఎక్కువ అనాస తింటే నాలుక చురుక్కుమనేది కూడా కొంత దాని చలవే.

కాల్చి చేస్తే

బ్రోమలైన్ గొడవ లేకుండా, ఇంకో మెట్టు పై రుచి కావాలంటే కాల్చండి. అనాసని అర అంగుళం మందాన చక్రాలుగా కోసి, బాగా వేడెక్కిన ఇనప పెనం మీద నూనె లేకుండా వేయండి. కదపకండి. రెండు, మూడు నిమిషాల్లో అంచులు గోధుమరంగు తిరిగి, బెల్లం పాకం వాసన వస్తుంది. అప్పుడు తిరగేయండి. ఆ వేడికి ఎంజైము పనిచేయడం మానేస్తుంది, పైపై నీరు ఆవిరై ముక్క గట్టిపడుతుంది, తీపి చిక్కబడుతుంది. అదే పెనం మీద రెండు మిరపకాయలు, ఒక టమాటా కూడా మచ్చలు పడేదాకా కాల్చి, వీటిని మాత్రం రోట్లో కచ్చాపచ్చాగా నూరండి. పూర్తిగా చల్లారాక అనాస ముక్కలు తరిగి అందులో కలపండి. కాల్చిన వంకాయ పచ్చడి ఇష్టపడేవాళ్ళకి ఈ పొగవాసన వెంటనే పట్టేస్తుంది. వేడిమీద కొత్తిమీర వేస్తే నల్లబడుతుంది, ఆగండి.

మిగతా కాలాల్లో

మే నెలలో దోరమామిడి. ఇక్కడ పులుపు పండులోనే ఉంది కాబట్టి నిమ్మరసం ఒక్క పెద్ద చెంచాకి తగ్గించి, టమాటా మానేసి, బదులుగా కీరదోస వేయండి. చెంపలు కోసి, తొక్క మీదే గళ్ళుగా గాట్లు పెట్టి, తొక్కని వెనక్కి వంచితే ముక్కలు నిక్కపొడుచుకుని నిలబడతాయి, చాకుతో గీసేయడమే. పీచు ఎక్కువుండే రసాల జాతి వద్దు. అవి జుర్రుకోవడానికి పుట్టాయి. మామిడితో పుదీనా కొంచెం బాగుంటుంది, కొత్తిమీరలో మూడో వంతు.

చలికాలం జామ. గింజల భాగం చెంచాతో తీసేసి, గోడ మాత్రమే తరగండి. కోసిన వెంటనే నిమ్మరసం పట్టించాలి, లేకపోతే రంగు మారుతుంది. దీనికి నల్లుప్పు, చిటికెడు మిరియాల పొడి. గుప్పెడు దానిమ్మ గింజలు వేస్తే కొరికినప్పుడు టప్పున పేలుతాయి.

బొప్పాయి ఏడాదంతా ఉంటుంది, ఒట్టి బొప్పాయి సల్సా మాత్రం నాకు నీరసంగా అనిపిస్తుంది. దానికి పులుపు తక్కువ. సగం బొప్పాయి, సగం అనాస వేయండి. పనస తొనలు రెండు రకాలు కదా, జారిపోయేవి, కరకరలాడేవి. రెండో రకంతో చేస్తే అద్భుతం, అల్లం తురుము అర చెంచా కలపండి.

దేనితో తినాలి

మొక్కజొన్న చిప్స్ ప్యాకెట్లు ఇప్పుడు మా టౌన్‌లోనూ దొరుకుతాయి, ఇంట్లో చేసుకుంటే ఆ మజా వేరు. మెక్సికోలో మొక్కజొన్నని సున్నపు నీళ్ళలో ఉడికించి, నానబెట్టి రుబ్బుతారు, అందుకే వాళ్ళ పిండి సాగుతుంది. మన మొక్కజొన్న పిండి అలా కాదు, విరిగిపోతుంది. కప్పు మొక్కజొన్న పిండికి పావు కప్పు గోధుమపిండి, వాము, ఉప్పు కలిపి, మరిగే నీళ్ళు కొద్దికొద్దిగా పోస్తూ గరిటెతో కలిపి, మూతపెట్టి పావుగంట ఆగి మర్దించండి. రెండు ప్లాస్టిక్ కాగితాల మధ్య పల్చగా ఒత్తి, ఫోర్కుతో పొడిచి, ముక్కోణాలుగా కోసి, మధ్యస్థం మంట మీద వేయించండి. పొడవకపోతే పూరీల్లా పొంగుతాయి, పిల్లలకి అదీ సంతోషమే.

చేపల వేపుడు పక్కన అనాస సల్సా పెట్టి చూడండి, నిమ్మచెక్క అవసరం ఉండదు. పెసరట్టులో ఉప్మా బదులు దీన్ని పెట్టి మడిచి తినే అలవాటు మా తమ్ముడిది. మరమరాల్లో కలిపితే వెంటనే తినాలి, రెండు నిమిషాల్లో మెత్తబడతాయి. రాగిరొట్టెతో జామ సల్సా. ఇవన్నీ ఒక ఎత్తు, పఖాళ (మన చద్దన్నం లాంటిది) ఒక ఎత్తు. ఒడిశాలో మార్చి 20న పఖాళ దినం జరుపుకుంటారు, మాకు మాత్రం ఎండలు ముదిరితే రోజూ పఖాళ దినమే. నీళ్ళలో నానిన చల్లటి చద్దన్నం, పక్కన బడి చూర (వేయించి నలిపిన వడియాలు), వేయించిన ఎండుమిర్చి, ఓ మూల దోరమామిడి సల్సా. మావుసి ఓటు కూడా దీనికే.

ఎంతసేపు ఉంటుంది

ఇది నిలవ పచ్చడి కాదు. ఆవకాయని ఏడాది కాపాడేది అంత ఉప్పు, అంత నూనె. సల్సాలో ఉన్న అర చెంచా ఉప్పు ఎవర్నీ కాపాడలేదు. బయట పెట్టినది రెండు గంటల్లో తినేయాలి. గది వేడి 32 డిగ్రీలు దాటితే, అంటే మా వేసవి అంతా, ఒక్క గంటే. మిగిలింది మూతపెట్టి ఫ్రిజ్‌లో రెండు రోజులు. కరెంటు పోయి ఫ్రిజ్ గంటలకొద్దీ ఆగిపోయిందంటే రెండు రోజులు కాకపోయినా పారేయండి. విందులో పెద్ద గిన్నె బయట పెట్టకుండా, చిన్న గిన్నెలో పోసి అయిపోయినప్పుడల్లా ఫ్రిజ్ నుంచి తెచ్చి నింపుకోండి. సీసాల్లో గాలి తగలకుండా మూసి నిలవచేద్దామనుకోవద్దు. బొప్పాయి, పుచ్చకాయ లాంటి పులుపు తక్కువ పళ్ళతో అది నిజంగా ప్రమాదం.

రెండో రోజుకి ముక్క మెత్తబడుతుంది. అప్పుడు అలా తినడం కన్నా మూకుడులో చెంచా నూనె, ఆవాలు, ఎండుమిర్చి వేసి, ఇది గుమ్మరించి, కాస్త బెల్లం వేసి దగ్గరపడేదాకా ఉడికించండి. సపురి ఖటాకి దగ్గర చుట్టం తయారవుతుంది. వండడం మర్చిపోయావా అని ఇక ఎవరూ అడగరు.

మొదట్లో జల్లెడ కింద దిగిన అనాస నీరు దాచమన్నాను కదా. అందులో నిమ్మచెక్క పిండి, చిటికెడు నల్లుప్పు, దంచిన జీలకర్ర వేసి, చల్లటి నీళ్ళు గ్లాసుడు కలుపుకుని తాగండి. సల్సా ఊరే ఆ పావుగంట వంట చేసినవాళ్ళది.